సొల్యూషన్ ఆర్కిటెక్టు వృత్తి

పదవ తరగతి విద్యార్థిని యొకతె యిటీవల నన్ను, "సొల్యూషన్ ఆర్కిటెక్టు అనగా ఇండ్లు కట్టించువారాండీ?" అని యడిగెను. ఇండ్లు కట్టించువారు కారు గాని, ఆ పోలిక తప్పు కాదు.

మన మహానంది కోనేటిని చూడుడు. ఊటనీరు ఎడతెగక వచ్చుచుండును. వచ్చినంతయు వెలుపలికి పోవుచుండును. కావున నీటిమట్టము మారదు. పోయిన నీరు దిగువనున్న అరటితోటలకు పారును. స్నానము చేయువారు నీటినే చూతురు. నీరెంత వచ్చును, ఎటు పోవలెను, ఎవరికి చేరవలెను అని ముందుగా యోచించినవాడు కానరాడు. బ్యాంకు, రైల్వే, ప్రభుత్వశాఖ మొదలగువానిలో వేలకొలది జనులు ఒక్కమారుగా వాడుకొను సాఫ్ట్‌వేరునకు అట్టి యోచన చేయువాడే సొల్యూషన్ ఆర్కిటెక్టు. ఏ భాగమే పని చేయవలెను, సమాచారము నెక్కడ భద్రపఱుపవలెను, ఒక యంత్రము చెడినను పని యెట్లు సాగవలెను, వ్యయమెంత యగును అనునవి ఆయన నిర్ణయింపవలసినవి.

ఇందులకు మన రాష్ట్రముననే మంచి దృష్టాంతము కలదు. పూర్వము రిజిస్ట్రారు కచేరీలలో దస్తావేజులను పెద్ద పుస్తకములలోనికి చేతితో ఎత్తి వ్రాయుచుండిరి. పొలముపై తాకట్టు గలదో లేదో తెలుపు ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు కొఱకు గుమాస్తాలు ఏండ్లకొలది పుస్తకములను తిరుగవేయవలసియుండెను. నా బాల్యమున మా నాయనగారితో అట్టి యొక కచేరీ వరండాలో రెండు దినములు కూర్చుంటిని. మూడవ దినమున మరల రమ్మనిరి. 1998 లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 'కార్డ్' అను పథకముతో రెండువందలకు పైగా కచేరీలలో ఈ పనిని కంప్యూటరునకెక్కించెను. శ్రీ జె. సత్యనారాయణ, ఐ.ఎ.ఎస్., గారు దీనిని నడిపించిరి. దినముల పని గంటలకు, సర్టిఫికెట్టు నిమిషములకు దిగెను. యంత్రములు కొనుటలో కష్టము లేదు. భూముల విలువల పట్టికలను, స్టాంపు సుంకపు లెక్కలను, పాత సూచికలను ఒక్క పద్ధతిలోనికి తెచ్చుట, గుమాస్తాలకు నేర్పుట, చట్టమును సవరించుట, ఇవియే కష్టములు. ఇంత జరిగినను మధ్యవర్తులు మాయము కాలేదు. సాఫ్ట్‌వేరు మార్చలేని సంగతులు కొన్ని గలవని యెఱుగుటయు ఈ వృత్తిలో భాగమే.

ప్లాను చక్కగా నుండియు, వాడుకొనువారి నడుగకున్న నేమగునో మన కె.సి. కాలువ చెప్పును. 1860-70 నడుమ మద్రాసు ఇరిగేషను కంపెనీవారు సుంకేసులనుండి కడపవైపు దానిని త్రవ్వించిరి. తుంగభద్ర నీరు వచ్చెను. కాని నల్లరేగడిలో వానపై జొన్న పండించుకొను రైతులు అనుకొన్నంతమంది నీటికి రుసుము చెల్లింప ముందుకు రాలేదు. కంపెనీ నష్టపడెను, 1882 లో కాలువ ప్రభుత్వపరమయ్యెను. (నేడు అదే నీటికొఱకు రైతులు కాచుకొనియుండుట వేఱు సంగతి.)

ఈ వృత్తిలోనికి నేరుగా ప్రవేశము లేదు. మొదట ప్రోగ్రాములు వ్రాయవలెను. ఇతరులు వ్రాసినవానిలోని తప్పులు దిద్దవలెను. డేటాబేసు, నెట్‌వర్కు, క్లౌడు, భద్రత ఒకదాని వెంట నొకటి నేర్వవలెను. ఇందులకు సాధారణముగా పదేండ్లు పట్టును. టోగాఫ్ వంటి పరీక్షల సర్టిఫికెట్టులు తలుపు తెఱచును గాని లోపల కూర్చుండబెట్టవు. చెడిన సాఫ్ట్‌వేరును అర్ధరాత్రి లేచి బాగుచేసిన యనుభవము వానికంటె మేలు. లెక్కలతోపాటు, చెప్పదలచినదానిని నాలుగు వాక్యములలో స్పష్టముగా వ్రాయుటయు రావలెను. వ్యాసరచన గంటలో కిటికీవైపు చూచువారు దీనిని గమనింతురుగాక.

తలిదండ్రులకొక మాట. గ్రామీణ విద్యార్థులకై 2008 లో ఏర్పడిన ట్రిపుల్ ఐటీలలో నొకటి కడప జిల్లా ఇడుపులపాయలో నున్నది. పదవ తరగతి మార్కులనుబట్టి ఆరేండ్ల చదువునకు చేర్చుకొందురు. కంప్యూటరు శాఖలోనే సీటు రావలెనని పట్టుపట్టనక్కఱలేదు. మైక్రోసాఫ్టు నధిపతిగా 2014 నుండి నడుపుచున్న సత్య నాదెళ్ల గారు మణిపాలులో చదివినది ఎలక్ట్రికలు ఇంజనీరింగే.

సెలవులలో మీరొక పని చేయుడు. అరటిగెల తోటలో కోసినది మొదలు పట్టణపు దుకాణము చేరువఱకు ఎవరి చేతులు మారుచున్నదో, ఎవరు లెక్క వ్రాయుచున్నారో, ఎక్కడ ఆలస్యమగుచున్నదో అడిగి తెలిసికొని, ఒక్క కాగితముపై గీతలుగా గీసి తెండు. బడి తెఱచిన దినమున వానిని తరగతి గోడకంటింతుము.