లీవరు రైఫిలు: దాని యెంపికయు, గురి కుదుర్చుటయు

మా పాఠశాల బాలురలో కొందఱు కెన్నెత్ ఆండర్సను వేటకథలు చదివి, ఆయన తుపాకి యెట్టిదని పలుమాఱు మమ్మడుగుచున్నారు. ఆండర్సను 1910లో సికిందరాబాదు చెంతనున్న బొల్లారమున జన్మించి, బెంగుళూరున నివసించి, 1974లో మరణించెను. పూర్వపు చిత్తూరు జిల్లాలోని చామల లోయయందు మనుష్యులను దినిన పులికథ, 1954లో వెలువడిన ఆయన మొదటి గ్రంథమున నున్నది. ఆయన తుపాకి .405 వించెస్టరు, 1895 నమూనా లీవరు రైఫిలు. అమెరికా మాజీ అధ్యక్షుడు రూజ్వెల్టు 1909లో ఆఫ్రికాకు గొనిపోయినదియు నిట్టిదే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే వినోదార్థమైన వేట మన దేశమున నిషిద్ధమైనది. మన రాష్ట్ర జంతువగు కృష్ణజింకపై గుండు పేల్చినవాడు చెఱసాల పాలగును. అయినను యంత్రము పనిచేయు రీతిని, గురి కుదుర్చు పద్ధతిని తెలిసికొనుట మంచిదని తలంచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

చేతివ్రేళ్లు దూర్చుటకు వీలగు కడియమువంటి మీట యీ తుపాకికి క్రిందనుండును. దానిని క్రిందికి త్రోసినచో కాలిన తూటా గుల్ల వెలికి వచ్చును. మరల పైకి లాగినచో క్రొత్త తూటా గొట్టములో చేరును. భుజముమీదనుండి తుపాకిని దింపనక్కఱలేదు.

ఎంపికయందు మొదట చూడవలసినది తూటాలు నిలువయుండు చోటు. అనేక లీవరు రైఫిళ్లలో గొట్టముక్రింద నింకొక సన్నని గొట్టముండి, అందు తూటాలు ఒకదానివెనుక నొకటి వరుసగా నుండును. వెనుక తూటా మొన ముందరి తూటా మడమనున్న పేలుడు టోపిని తాకుచుండును. మొన వాడిగా నున్నయెడల తుపాకి యదరినప్పుడు లోపలనే ప్రేలుడు సంభవింపవచ్చును. కావుననే వీనియందు మొన చదునైన గుండ్లు వాడుదురు. జాన్ బ్రౌనింగు కల్పించిన 1895 నమూనాలో తూటాలు పెట్టెలో నొకదానిపై నొకటి యుండుటచే నీ భయము లేదు. ఇక గుండు పరిమాణము: .405 భుజమును గట్టిగా తన్నును; .30-30 కొంత మృదువు, గురి నేర్చుకొనువానికి.22 చాలును. తన్నునకు జంకి కన్నుమూయువాని చేతిలో పెద్ద తుపాకి వ్యర్థమని మా యభిప్రాయము. బాలురకు గాలి తుపాకియే తగినది. హైదరాబాదున పెరిగిన గగన్ నారంగు 2012 లండను ఒలింపిక్సులో కాంస్య పతకము గెలిచినది దానితోడనే.

గుండు సూటిగా పోవునని పలువురు తలంతురు. అది గొట్టము విడిచిన క్షణమునుండియు, చేతినుండి జాఱిన ఱాయివలెనే, క్రిందికి పడుచుండును. .30-30 గుండు నూఱు గజములు పోవుటకు సుమారు సెకనులో ఏడవ వంతు పట్టును; ఆ లోపల నాలుగంగుళములు పడును. అందుచేత గొట్టమును రవంత పైకెత్తి గురి నమర్తురు. నూఱు గజములకు సరిపడిన తుపాకి, రెండువందల గజముల యొద్ద సుమారు ఎనిమిదంగుళములు దిగువగా తగులును.

గురి సరిచూచునపుడు తుపాకి ముందరి కఱ్ఱను ఇసుకసంచిపై నుంచవలెను. గొట్టమునే యానించినచో దెబ్బ తావు మాఱును. మొదట ఇరువదియైదు గజముల నుండియు, పిమ్మట నూఱు గజముల నుండియు మూడేసి గుండ్లు పేల్చి, మూడింటి నడిమి తావును చూడవలెను. ఒక్క గుండును నమ్మరాదు. గొట్టము వేడెక్కినచో చల్లారనిండు. గుండ్లు ఎడమకు తగిలినచో వెనుక గాటుపలకను కుడికి జరుపుడు. క్రిందికి తగిలినచో పైకెత్తుడు. గొట్టపు కొననున్న మొటిమను కదల్చినచో ఫలము తలక్రిందగును. ఎంత జరుపవలెనన్నది లెక్కచే తేలును. మొటిమకును గాటునకును నడుమ దూరము 24 అంగుళములనుకొనుడు. నూఱు గజములనగా 3600 అంగుళములు, అనగా దానికి 150 రెట్లు. గుండు మూడంగుళములు దిగువగా తగిలినచో, గాటును మూడంగుళములలో 150వ వంతు, అనగా అంగుళములో ఏబదవ వంతు ఎత్తవలెను. గణితమున శ్రద్ధలేని బాలురు దీనిని మరల చదువుదురుగాక!

మా వజ్రకరూరు నేలపై మఱి రెండు చిక్కులున్నవి. ఎండ ముదిరిన పిమ్మట నేలనుండి లేచు వేడిగాలిచే ఎండమావులు పుట్టి, గురిపలక నీటిపై తేలినట్లు కదలును. గురిని ప్రొద్దుటిపూటనే సరిచూడవలెను. రెండవది పెద్దది. ఇచ్చట గుండు నాపునట్టి దట్టమైన అడవి లేదు. చిన్న .22 గుండు సైతము మైలునకు పైగా పోగలదు. కావున గురిపలక వెనుక ఎత్తైన మట్టికట్ట యుండవలెను. అట్టి కట్టలు గల అనుమతి పొందిన శిక్షణస్థలములందే పేల్చవలెను. సొంత తుపాకికి లైసెన్సు కావలెనన్న ఇరువదియొక్క యేండ్లు నిండవలెను. తొలకరి వానలు పడగానే వజ్రములకై యెక్కడెక్కడినుండియో జనులు వచ్చి మా చేలలో వంగి నేలను వెదకుచుందురు. అరమైలు దూరమునుండి చూచువానికి వారు ఱాళ్లవలెనే కన్పట్టుదురు.