ముందు చక్రానికి పట్టు, వెనక చక్రానికి పరుగు

మట్టిదారిలో మలుపు తిరుగుతుండగా వెనక టైరు జారితే సైకిలు పక్కకు ఊగుతుంది. తొక్కేవాళ్లు కాలు కింద పెట్టో, ఒళ్లు పక్కకు ఒరిగించో నిలదొక్కుకుంటారు. అదే ముందు టైరు జారితే అంత వ్యవధి ఉండదు. హ్యాండిల్ మాట వినదు, రెప్పపాటులో భుజం నేలకు తగులుతుంది. మౌంటెన్ బైకుకు టైర్లు కొనేటప్పుడు ముందు చక్రం గురించి విడిగా ఆలోచించమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

ముందు చక్రం బండిని మళ్లిస్తుంది, ఆపుతుంది కూడా. బ్రేకు పట్టగానే బరువు ముందుకు వచ్చి పడుతుంది కాబట్టి ఆపే పనిలో పెద్ద వాటా ముందు టైరుదే. దిగుడులో ఈ వాటా ఇంకా పెరుగుతుంది. సమతలం మీద సీటుపై కూర్చుని తొక్కేటప్పుడు మాత్రం లెక్క తిరగబడుతుంది. అప్పుడు బరువులో దాదాపు 60 శాతం వెనక చక్రమే మోస్తుంది. అంటే మెత్తని రబ్బరు, పెద్ద గుబ్బలు ఉన్న టైరు కాళ్లను అలసిపోయేలా చేసేది వెనక వేసినప్పుడే ఎక్కువ. ముందు వేస్తే అదనపు శ్రమ తక్కువ, దక్కే భద్రత ఎక్కువ. తొక్కే బలమంతా వెనక చక్రం ద్వారానే నేలకు చేరుతుంది కనుక ముందు టైరు నిదానంగా అరుగుతుంది కూడా. ముందుకు పట్టు, వెనక్కి పరుగు అన్న సూత్రం ఈ లెక్కలోంచి వచ్చిందే.

మౌంటెన్ బైకింగ్ పుట్టిన రోజుల్లో ముందు టైరు మీద ఇంత భారం లేదు. కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో 1976 అక్టోబర్ 21న కొందరు కుర్రాళ్లు ఒక కొండదారిలో దిగుడు పందెం పెట్టుకున్నారు. సుమారు మూడున్నర కిలోమీటర్ల దూరంలో 400 మీటర్లు కిందికి దిగే దారి అది. గ్యారీ ఫిషర్, జో బ్రీజ్, చార్లీ కెల్లీ లాంటివాళ్లు అక్కడ తొక్కినవి లావు టైర్ల పాత సైకిళ్లు. వాటిలో చాలావాటికి ఉన్నది పెడల్ వెనక్కి తొక్కితే పట్టే బ్రేకొక్కటే, అదీ వెనక చక్రానికి. దిగుడంతా ఆ బ్రేకు పట్టుకుంటే పుట్టే వేడికి చక్రం నడుమనున్న హబ్‌లోని గ్రీజు కాలిపోయేది. కిందికి చేరాక మళ్లీ గ్రీజు నింపుకోవాల్సి వచ్చేది కాబట్టి ఆ దారికి ‘రీప్యాక్’ అన్న పేరు స్థిరపడింది. తర్వాత ముందు చక్రానికీ బ్రేకులు వచ్చాయి, మరికొన్నేళ్లకు డిస్క్ బ్రేకులు వచ్చాయి. బ్రేకు బలపడేకొద్దీ ముందు టైరు నేలను పట్టుకోవాల్సిన అవసరమూ పెరిగింది.

మంచి ముందు టైరు ఎలా ఉంటుందో తెలియాలంటే మ్యాక్సిస్ కంపెనీవారి మినియన్ డీహెచ్ఎఫ్‌ను చూడొచ్చు. 2000ల తొలినాళ్లలో డౌన్‌హిల్ పందేల ముందు చక్రం కోసం తయారైన ఈ టైరు, ఇప్పటికీ మామూలు ట్రయల్ బైకుల మీద కనిపిస్తూనే ఉంది. దాని మధ్య గుబ్బలకు ముందువైపు అంచు ఏటవాలుగా ఉంటుంది. అందువల్ల దొర్లేటప్పుడు అడ్డుపడవు. వెనకవైపు అంచు నిటారుగా ఉంటుంది, బ్రేకు పట్టినప్పుడు అది మట్టిలో దిగుతుంది. రెండు పక్కలా బలమైన గుబ్బల వరస ఉంటుంది. మలుపులో సైకిలును వాల్చినప్పుడు నేలను పట్టేవి ఇవే. మధ్య వరసలకూ పక్క వరసలకూ నడుమ కాస్త ఖాళీ ఉంటుంది. సైకిలును ధైర్యంగా వాల్చేవాళ్లు ఆ ఖాళీని దాటి పక్క గుబ్బల మీదికి చేరిపోతారు. భయపడుతూ సగం మాత్రమే వాల్చేవాళ్లకు ఆ మధ్యలో పట్టు కాస్త తగ్గినట్టు అనిపిస్తుంది.

దక్షిణాఫ్రికా డౌన్‌హిల్ చాంపియన్ గ్రెగ్ మినార్‌తో కలిసి అదే కంపెనీ 2018లో తెచ్చిన అసెగాయ్ టైరులో ఆ ఖాళీని అదనపు గుబ్బలతో పూడ్చారు. ఎంత వాల్చినా పట్టు ఒకేలా అందుతుంది. దొర్లడం కొంచెం బరువు. కొత్తగా కొండదారులు పట్టినవాళ్లకు మాత్రం ఈ బేరం లాభమే. టైరు ఎక్కడ జారుతుందో ముందే తెలియడం, అది ఒక్కసారిగా వదిలేయకుండా నెమ్మదిగా వదలడం, అన్ని దారులకూ పనికొచ్చే ముందు టైరులో మొదట చూడాల్సిన గుణాలు.

గుబ్బల తర్వాత చూడాల్సింది రబ్బరు. దాని గట్టిదనాన్ని షోర్ ‘ఎ’ అనే కొలతతో చెబుతారు. 60, 70 అంటే గట్టి రబ్బరు, చాలాకాలం మన్నుతుంది. 42 దగ్గర ఉంటే బాగా మెత్తన. తడి రాతిని పట్టుకుంటుంది కానీ త్వరగా అరుగుతుంది. ఒకే నమూనా టైరు రెండు మూడు రకాల రబ్బరుతో దొరుకుతుంది కాబట్టి పేరొక్కటే చూసి కొనకూడదు. జర్మనీకి చెందిన ష్వాల్బే కంపెనీ టైరు మీద రంగు గీతతోనే ఇది చెప్పేస్తుంది. ఎరుపు వేగానికి, నీలం మధ్యరకానికి, నారింజ మెత్తదనానికి, ఊదా మరీ మెత్తదనానికి గుర్తు. అన్ని దారులూ తొక్కేవాళ్ల ముందు చక్రానికి నారింజ గీత తగినది.

వెడల్పు విషయంలో ఇప్పటి ట్రయల్ బైకులకు 2.4 నుంచి 2.5 అంగుళాలు సరిపోతుంది. రిమ్ లోపలి వెడల్పు 30 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే ఈ టైరు చక్కగా కూర్చుంటుంది. మన ఊళ్లలో అమ్మే తక్కువ ధర గేర్ సైకిళ్లకు చాలావరకు 1.95 లేదా 2.1 అంగుళాల టైర్లే వస్తాయి. వాటికి లావు టైరు వేసే ముందు ఫోర్కుకూ టైరుకూ మధ్య కనీసం 6 మిల్లీమీటర్ల సందు మిగులుతుందో లేదో కొలవాలి. టైరు పక్కన ముద్రించిన అంకె కూడా చూసుకోవాలి: 559 ఉంటే 26 అంగుళాల చక్రం, 584 అయితే 27.5, 622 అయితే 29.

తెలుగు నేలలో ఎర్రమట్టి, మొరం దారులు ఎక్కువ. గట్టినేల మీద సన్నటి కంకర పరుచుకున్నచోట అరిగిన పక్క గుబ్బలు ఇట్టే జారిపోతాయి. అంచులు పదునుగా ఉన్న మధ్యరకం ఎత్తు గుబ్బలు ఇక్కడ బాగా నిలుస్తాయి. వానలో నల్లరేగడి సంగతి వేరు. ఆ మట్టి గుబ్బల మధ్య పేరుకుని టైరును నున్నగా చేసేస్తుంది, ఫోర్కులో ఇరుక్కుని చక్రాన్నే ఆపేస్తుంది. దూరదూరంగా గుబ్బలున్న బురద టైరుకైనా అది కష్టమే. నేల ఆరేదాకా ఆగడమే మేలు.

ఎంత మంచి టైరైనా గాలి ఎక్కువైతే పట్టు చూపదు. పంక్చరు షాపులో రాయిలా గట్టిపడేదాకా కొట్టించుకోవడం చాలామందికి అలవాటు. రోడ్డు మీద అది నడుస్తుంది. రాళ్ల దారిలో మాత్రం టైరు నేలకు తగ్గట్టు ఒదగకుండా ఎగిరెగిరి పడుతుంది. ట్యూబ్‌లెస్ అయితే ముందు టైరులో 20 నుంచి 25 పీఎస్ఐ మధ్య మొదలుపెట్టి, మనిషి బరువును బట్టి ఒక్కో పీఎస్ఐ సర్దుకోవచ్చు. వెనక రెండు మూడు ఎక్కువ ఉంచాలి. ట్యూబు ఉన్న టైరుకు ఇంకాస్త గాలి కావాలి. లేకపోతే రాయికీ రిమ్‌కూ మధ్య ట్యూబు నలిగి, పాము కాటులా జంట రంధ్రాలు పడతాయి.

పాతబడ్డ టైరును పారేయక్కర్లేదు. పక్క గుబ్బల అంచులు గుండ్రబడగానే ముందు టైరును తీసి వెనక్కి మార్చి, కొత్తదాన్ని ముందు వేస్తారు. గుబ్బలు మొదళ్ల దగ్గర పగిలిపోతుంటే మాత్రం ఎక్కడా వాడకూడదు. కొత్తది ఎక్కించేటప్పుడు టైరు పక్కన ఉన్న బాణం గుర్తు చక్రం తిరిగే వైపే చూపుతోందో లేదో సరిచూసుకోవాలి. ఒక్క టైరుకే డబ్బు ఉన్నవాళ్లు దాన్ని ముందు చక్రానికే కొనాలి.