చిత్రశాలలోఁ జిన్నారి చేతులు

హైదరాబాదునందలి సాలార్‌జంగు ప్రదర్శనశాలలో బెంజోనీ చెక్కిన ‘ముసుగు రెబెక్కా’ కలదు. మొదటి సాలార్‌జంగు 1876లో రోమునగరమునఁ గొనిన యా పాలరాతి విగ్రహమును జూచి, ముసుగు నిజముగా వస్త్రమే యనుకొని పిల్లలు చేయి చాఁచుదురు. చేతి జిడ్డు రాతికి మరక చేయును గనుక తాఁకరాదు. కాని గద్దించి యూరకున్నచో బిడ్డ కుతూహలము చల్లారిపోవును.

కావున బయలుదేరుటకు ముందే యింట తడిమట్టి, కఱ్ఱముక్క, గుడ్డపేలిక, పసుపునీరు వారికిండని మేము కోరుచున్నాము. మట్టి యొత్తినట్లెల్ల వంగును. కఱ్ఱ నిలువునఁ దేలికగాఁ జీలును, అడ్డముగాఁ జీలదు. తల్లి చిటికెడు సున్నము కలిపిన పసుపునీ రెఱ్ఱబడును. వీని నెఱిఁగిన బిడ్డ, ఱాతిని వస్త్రమువలెఁ గన్పట్టఁజేయుట యెంత పనితనమో తానే గ్రహించును. బట్టలు మాసిన నుదుకవచ్చును గదా!