ఈస్ట్ కణం ఎప్పుడు రెండవుతుంది?

వాడరేవు ఇసుక నేలల్లో తాటిచెట్ల నుంచి దించిన తియ్యటి నీరా కొన్ని గంటల్లోనే నురగకట్టి పులుస్తుంది. అందులో చేరిన ఈస్ట్ కణాలు చక్కెర తిని పెరుగుతూ, మొగ్గ తొడిగి రెండవుతుంటాయి. ఎప్పుడు విడిపోవాలో వాటికెలా తెలుస్తుంది? కాలాన్ని బట్టే అనుకుందామంటే, పుష్కలంగా ఆహారముంటే గంటన్నరలో రెండయ్యే కణం, ఆహారం తగ్గితే గంటల తరబడి ఆగుతుంది. అంటే, తగినంత పెరిగాకే అది విభజనకు సిద్ధపడుతుంది.

ఆ నిర్ణయం జరిగే ఘట్టానికి శాస్త్రవేత్త లీలాండ్ హార్ట్‌వెల్ 'స్టార్ట్' అని పేరుపెట్టాడు. కణ విభజనపై పరిశోధనలకు 2001లో నోబెల్ పంచుకున్నాడు. మరి మధ్యలో ఆహారం అయిపోతే? స్టార్ట్ దాటని కణం అక్కడే ఆగిపోతుంది. దాటినది మాత్రం మొదలుపెట్టిన విభజనను ముగించాకే ఆగుతుంది. డీఎన్ఏ సగమే నకలైన కణం బతకడం కష్టం కదా! అందుకే తిండి, ఎదుగుదల ముందే చూసుకుని అడుగేయడం ఈస్ట్‌కు ప్రాణావసరం.