గీత పిల్లల కళ్ళ ముందు పడాలి

పిల్లలకు పైథాగరస్ సిద్ధాంతం నిరూపించేటప్పుడు, లంబకోణం ఉన్న శీర్షం నుంచి కర్ణం మీదికి ఒక లంబం గీస్తాం. ఆ గీత పడేదాకా పటంలో కనిపించేది ఒక్క త్రిభుజమే. పడ్డాక మూడు సరూప త్రిభుజాలు బయటపడతాయి. నిరూపణ ప్రాణమంతా ఆ గీతలోనే ఉంది. అందుకే అది పిల్లల కళ్ళ ముందు పడాలని నా పట్టుదల. ముందే గీసిపెట్టిన బొమ్మ చూపిస్తే బట్టీ పడతారు. గీస్తుండగా చూస్తే, "అక్కణ్ణుంచే ఎందుకు గీశారు టీచర్?" అని అడుగుతారు.

కృష్ణా జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. నల్లబల్ల అంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. కానీ జ్వరం వచ్చి బడికి రాని పిల్లకు నల్లబల్లను ఇంటికి పంపలేం. పోనీ కీబోర్డు మీద నోట్సు తయారు చేద్దామంటే, భిన్నాలు, వర్గమూలాలు, తీటాలు కొట్టేసరికి తెల్లారిపోతుంది. ఈ రెండు ఇబ్బందులూ తీర్చింది కలంతో రాసే ట్యాబ్. తోటి టీచర్లు, ఇంటిదగ్గర ట్యూషన్లు చెప్పుకునే ఆడపిల్లలు చాలామంది ఇలాంటిది కొని, నాలుగు రోజులు రాసి, బీరువాలో పెట్టేశారు. వాళ్ళు దాన్ని మళ్ళీ బయటికి తీయాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

కొనేముందు

ట్యాబ్ అన్నదల్లా రాయడానికి పనికిరాదు. వేలితో పనిచేసే మామూలు ట్యాబ్ మీద, బజారులో వంద రూపాయలకు దొరికే రబ్బరు మొన పుల్లతోనూ గీతలు పడతాయి. అయితే ట్యాబ్‌కు ఆ పుల్ల కూడా ఒక వేలే. ఎంత నొక్కారో దానికి తెలియదు, పక్కన ఆనిన అరచేతికీ పుల్లకూ తేడా తెలియదు. రాతకు కావలసింది, తన కలాన్ని తాను గుర్తుపట్టే ట్యాబ్.

నేను వాడేది శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్6 లైట్. 2020లో వచ్చిన రకం, 10.4 అంగుళాల తెర, బరువు అరకిలో లోపు. కలం పెట్టెలోనే ఉంటుంది. ఆపిల్ ఐప్యాడ్‌కు పెన్సిల్ విడిగా కొనుక్కోవాలి, పైగా ఏ ఐప్యాడ్‌కు ఏ పెన్సిల్ సరిపోతుందో చూసుకోవాలి. మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ ప్రో లాంటివి పూర్తి విండోస్ కంప్యూటర్లు. ఆఫీసు పనీ చేసుకోవచ్చు, ధరా అందుకు తగ్గట్టే ఉంటుంది.

దుకాణంలో మూడు పరీక్షలు చేయండి. అరచేయి తెర మీద పూర్తిగా ఆనించి, వత్తులున్న రెండు తెలుగు మాటలు రాయండి. చేయి ఆనినచోట పిచ్చిగీతలు పడకూడదు. తర్వాత స్కేలు పక్కన కలం పెట్టి, ఏటవాలుగా ఒక గీత చాలా నెమ్మదిగా గీయండి. నాసిరకం తెర మీద ఆ గీత మెట్లుమెట్లుగా వణుకుతుంది. చివరగా అదే గీతను మొదట తేలిగ్గా, పోనుపోను నొక్కి గీయండి. సన్నం నుంచి లావుకు సాఫీగా మారాలి. ప్రాసెసర్ పేరు, కెమెరా గొప్పలు ఈ మూడింటి తర్వాతే. ఒకవేళ తరగతిలో కేబుల్‌తో ప్రొజెక్టరుకు కలపాలనుకుంటే, టైప్-సి రంధ్రం గుండా బొమ్మ బయటికి వస్తుందో లేదో అడగండి. నా ట్యాబ్‌లో అది చార్జింగుకు, ఫైళ్ళ మార్పిడికే పనికొస్తుంది. తెర చూపించాలంటే వైర్‌లెస్‌గానే.

బ్యాటరీ లేని కలం

ఎస్6 లైట్ కలాన్ని చార్జి చేయక్కర్లేదు. లోపల బ్యాటరీయే లేదు. మరి అది ఎక్కడుందో ట్యాబ్‌కు ఎలా తెలుస్తుందని పిల్లలు అడిగారు, ఫిజిక్స్ పీరియడ్ కాకపోయినా చెప్పాను.

తెర అడుగున సన్నని తీగచుట్టల వల ఒకటి పరిచి ఉంటుంది. అది ఒక నిర్ణీత పౌనఃపున్యంతో విద్యుదయస్కాంత తరంగాలు పంపుతుంది. కలంలో ఉన్నవి చిన్న తీగచుట్ట, కెపాసిటర్. ఉయ్యాలను దాని ఊపుకు తగిన సమయంలో తోస్తే చిన్న తోపుకే పైకి లేచినట్టు, తనకు సరిపోయిన పౌనఃపున్యం తగిలినప్పుడు ఆ రెండూ కలిసిన వలయం శక్తిని నింపుకుంటుంది. వల తరంగాలు పంపడం ఆపి వినడం మొదలుపెట్టగానే కలం ఆ శక్తినే తిరిగి పంపుతుంది. ఏ తీగచుట్టల దగ్గర జవాబు బలంగా వినిపించిందో లెక్కగట్టి ట్యాబ్ కలం చోటు పట్టేస్తుంది. పంపడం, వినడం సెకనులో ఎన్నోసార్లు జరుగుతాయి. మొన నొక్కినప్పుడు వలయం పౌనఃపున్యం కాస్త మారుతుంది. ఆ మార్పునుబట్టి ఎంత నొక్కామో తెలుస్తుంది. ఎస్6 లైట్ కలం ఈ ఒత్తిడిని 4096 స్థాయిలుగా విడదీస్తుంది. ఈ పద్ధతిని విరివిగా వ్యాప్తిలోకి తెచ్చింది జపాన్‌లో 1983లో పుట్టిన వాకామ్ కంపెనీ.

కలంతో కంప్యూటరు మీద రాయడం కొత్త కోరికేమీ కాదు. అమెరికాలో ర్యాండ్ సంస్థ 1964లోనే కలంతో రాసే పలకను తయారు చేసింది. అది పెద్ద కంప్యూటరుకు తగిలించుకునే పరికరం. ఆపిల్ 1993లో తెచ్చిన న్యూటన్ అనే పరికరం చేతిరాతను తప్పులతడకగా చదివి విమర్శల పాలైంది. మన బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ అధ్యాపకులు పాలుపంచుకుని రూపొందించిన సింప్యూటర్‌కూ కలమే ఆధారం. సామాన్యుడికి అందే ధరలో, భారతీయ భాషల్లో పనిచేయాలన్నది దాని ఆశయం. మైక్రోసాఫ్ట్ టాబ్లెట్ పీసీలు 2002లో వచ్చాయి. 2011లో గెలాక్సీ నోట్, 2015లో ఆపిల్ పెన్సిల్ వచ్చాక కలం మామూలు జనం చేతికి అందింది.

చేయి ఆనించడం నేర్చుకోవాలి

రిటైర్మెంటుకు దగ్గరపడిన మా తెలుగు మాస్టారు ఒకసారి ట్యాబ్ పట్టుకొచ్చి, "అమ్మా, ఈ అద్దం మీద నా రాత నాదిలా లేదు" అన్నారు. ఆయన దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని మా బడి మొత్తానికి తెలుసు. రాస్తుంటే చూశాను. తెరకు ఏమైనా అవుతుందన్న భయంతో మణికట్టు గాల్లో ఉంచి రాస్తున్నారు. "మాస్టారూ, కాగితం మీద ఆనించినట్టే చేయి పూర్తిగా ఆనించండి" అన్నాను. మొదట నమ్మలేదు. తర్వాత నాలుగు పంక్తులు రాసి, కళ్ళజోడు సవరించుకుని, చాలాసేపు వాటినే చూశారు.

ఇందులో ఒక కిటుకుంది. కలం మొన తెరకు సుమారు ఒక సెంటీమీటరు దగ్గరికి రాగానే, తాకకముందే, ట్యాబ్ దాన్ని గుర్తిస్తుంది. అప్పట్నుంచి చేతి స్పర్శను పట్టించుకోదు. కాబట్టి ముందు కలం దగ్గరికి తేవాలి, తర్వాత చేయి ఆనించాలి. చేయి ముందు ఆనితే పేజీ జరగడం, గీతలు పడడం జరుగుతాయి. దీనికితోడు రాసుకునే యాప్‌లో వేలితో గీయడాన్ని ఆపేసే మీట ఉంటుంది. శాంసంగ్ నోట్స్‌లో వేలితో గీయడాన్ని నేను ఎప్పుడూ ఆపే ఉంచుతాను. అప్పుడు వేలు పేజీ జరపడానికి, కలం రాయడానికి మాత్రమే.

మొదటి రోజు చేయాల్సిన మిగతా పనులు కొన్నే. తెర దానంతటది తిరగకుండా బిగించండి. తెర ఆరిపోయే వ్యవధి పది నిమిషాలకు పెంచండి, ఆలోచిస్తుండగా చీకటి పడితే లెక్క తెగిపోతుంది. రాసే పేజీకి గళ్ళ కాగితం ఎంచుకోండి, సమీకరణాలు వంకర పోవు. రెండు రంగులు, రెండు మందాలు చాలు. నేను లెక్కకు నలుపు, ఎందుకిలా చేశామో చెప్పే మాటకు ఎరుపు వాడతాను. రబ్బరు రెండు రకాలు. ఒకటి తాకిన గీతను మొత్తంగా తీసేస్తుంది, రెండోది తుడిచినంత మేరే తీస్తుంది. చుట్టూ గీసి ఎంచుకునే పరికరం మూడో రోజుకు నేర్చుకున్నా ఫరవాలేదు. దాంతో రాసిన భాగాన్ని ఎత్తి ఇంకోచోట పెట్టుకోవచ్చు.

అక్షరాలు మొదట కాస్త పెద్దగా రాయండి. ట్యాబ్‌ను బల్ల మీద కొంచెం ఏటవాలుగా పెడితే మెడ నొప్పి రాదు. గాజు జారుతుందనిపిస్తే కాగితంలా గరుకుగా ఉండే ఫిల్మ్ అతికించవచ్చు. కాకపోతే తెర మెరుగు కాస్త తగ్గుతుంది, కలం మొన త్వరగా అరుగుతుంది. నేను మామూలు గాజుకే అలవాటు పడ్డాను.

తరగతిలో

పాఠ్యపుస్తకం పీడీఎఫ్‌ను శాంసంగ్ నోట్స్‌లో తెరిస్తే లెక్క పక్కనే రాసుకోవచ్చు. ప్రభుత్వ దీక్షా వేదిక 2017 నుంచి ఉంది, పాఠ్యపుస్తకాలూ పాఠాలూ అక్కడ దొరుకుతాయి. బొమ్మను కదిలించి చూపాల్సినచోట జియోజీబ్రా తెరుస్తాను. ఆస్ట్రియాలో మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో మొదలుపెట్టిన ఆ యాప్ పిల్లలకూ టీచర్లకూ ఉచితం. వృత్తంలోని కోణాన్ని కలంతో పట్టుకుని పరిధి వెంట జరుపుతుంటే, ఒకే వృత్తఖండంలోని కోణాలు సమానమన్న మాట పిల్లలు తమంతట తామే అంటారు.

మా బడిలో గోడకున్న ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్‌కు (ఐఎఫ్‌పి) ట్యాబ్ తెరను వైర్‌లెస్‌గా పంపుతాను. అప్పుడు నేను బోర్డు దగ్గర నిలబడనక్కర్లేదు. ఆఖరి బెంచీ దాకా నడిచి, అక్కడ కూర్చున్న పిల్ల చేతికి కలమిచ్చి, "తర్వాతి మెట్టు నువ్వు రాయమ్మా" అంటాను. నల్లబల్ల దగ్గరికి రమ్మంటే తల వంచుకునే పిల్ల, తన చోట కూర్చుని రాయమంటే రాస్తుంది. ఆ రాత తరగతంతా చూస్తుంది. ఈ ట్యాబ్ నాకు చేసిన మేళ్ళలో ఇంతకు మించింది లేదు. ఒక జాగ్రత్త మాత్రం మరవకూడదు. తెర పంపేముందు నోటిఫికేషన్లు ఆపాలి. మన ఇంటి కబుర్లు, ఏ పిల్లవాడి మార్కులో, ఆధార్ వివరాలో అందరి ముందూ పడకూడదు.

రాని పిల్లల కోసం, లెక్క రాస్తూనే గొంతు రికార్డు చేస్తాను. శాంసంగ్ నోట్స్‌లో ఆ రికార్డు వింటుంటే, మాట వెంట రాతా మళ్ళీ మెట్టుమెట్టుగా కనిపిస్తుంది. ఇంటికి పంపడానికి తెరను వీడియోగా రికార్డు చేసి వాట్సాప్‌లో పెడతాను. ఒక్క లెక్కకు ఒక్క వీడియో, అయిదు నిమిషాలు దాటకుండా. పాఠం ముగిశాక నోట్సును పీడీఎఫ్‌గా మార్చి డ్రైవ్‌లో భద్రపరుస్తాను.

తెలుగు రాత, తెలుగు అచ్చు

చేతిరాతను అచ్చక్షరాలుగా మార్చుకునే వీలు తెలుగుకూ ఉంది. జీబోర్డులో తెలుగు భాష చేర్చి, లేఅవుట్లలో చేతిరాత ఎంచుకుంటే, కింద రాసిన మాట పైన టైపై పడుతుంది. మాట మొత్తం రాసి ఆగండి, అక్షరానికోసారి ఆగితే తికమక పడుతుంది. ద కింద ఒత్తు పెట్టామా, లోపల చుక్క పెట్టామా అన్నది స్పష్టంగా ఉంటే ద, ధ, థ తేడా పట్టుకుంటుంది. వత్తులు అక్షరానికి దగ్గరగా రాయాలి. మా తెలుగు మాస్టారు ఇప్పుడు వాట్సాప్ సందేశాలన్నీ ఇలాగే రాస్తారు. అంతకుముందు ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాయాల్సి వస్తోందని బాధపడేవారు.

కాపాడుకోవడం

బడిలో ట్యాబ్‌కు పెద్ద శత్రువు సుద్దపొడి, ఇసుక. కలం మొన కింద ఒక్క ఇసుక రేణువు చాలు గాజు గీసుకుపోవడానికి. రాసే ముందు మెత్తని పొడిగుడ్డతో తుడవండి. మొన అరిగి ఏటవాలైతే చిన్న పటకారుతో లాగి కొత్తది పెట్టుకోవాలి. కవరులో అయస్కాంతాలుంటే, దాన్ని వెనక్కి మడిచి రాసేటప్పుడు ఒక్కోచోట గీత వంకరపోవచ్చు. కలం చెడిందని కంగారుపడకుండా కవరు తీసి చూడండి. లిథియం బ్యాటరీకి వేడి పడదు. మే నెల ఎండలో స్కూటర్ డిక్కీలో ట్యాబ్ వదిలేయకండి.

కలం ఎవరి చేతికి?

పిల్లలకు ట్యాబ్ కొనిచ్చే తల్లిదండ్రులు, బడులకు ట్యాబ్‌లు ఇప్పించే పెద్దలు తెర ఎంత పెద్దది, పాఠాలు ఎన్ని నింపారు అని అడుగుతారు. కలం ఉందా అని అడిగేవారు తక్కువ. కలం లేని ట్యాబ్‌లో పిల్లవాడికి మిగిలేది చూడడం, నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కడం. లెక్క అలా రాదు. రాసి, కొట్టేసి, మళ్ళీ రాస్తేనే వస్తుంది. డబ్బు చాలకపోతే పిల్లలందరికీ చూసే ట్యాబ్‌లు కొనేకంటే, ప్రతి లెక్కల టీచరుకూ కలమున్న ట్యాబ్ ఒక్కటి ఇవ్వండి, చేయి ఆనించి రాయడం దగ్గర కూర్చుని నేర్పండి. ఇంట్లో పిల్లలకు మాత్రం నోటుపుస్తకం, పెన్సిలు చాలు. ఆ రెంటితో రాసుకొచ్చిన మెట్లను మర్నాడు తరగతిలో, ఆఖరి బెంచీ నుంచే, అందరికీ కనిపించేలా రాయిస్తాం.