ఖాళీగా వదలాల్సిన గడి

సోషల్ వర్క్‌లో డిగ్రీ చదువుతున్నానని ఒక కుర్రాడు చెబితే అనంతపురం పల్లెల్లో పెద్దలు అడిగే మొదటి ప్రశ్న: ‘సేవ చేసేదానికి చదువెందుకురా? మనసుంటే చాలదా?’ అడగదగ్గ ప్రశ్నే. మనసు లేనివాడు ఊరికి రాడు. వచ్చినా నాలుగు రోజుల్లో వెళ్లిపోతాడు, వాడితో పెద్ద నష్టం లేదు. మనసు నిండా ఉన్నవాడితోనే జాగ్రత్త కావాలి. ఆ మనసు దైవభక్తితో నిండితే ఇంకా జాగ్రత్త కావాలి. క్రైస్తవ కాలేజీలో ఈ చదువు చెప్పేవారి అసలు పని ఇక్కడే మొదలవుతుంది.

ముందు ఈ చదువేమిటో చూద్దాం. బీఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో డిగ్రీ)లో మూడు పద్ధతులు నేర్పుతారు. ఒక మనిషితో, ఒక కుటుంబంతో కూర్చుని వాళ్ల చిక్కు విప్పుకోవడానికి తోడ్పడటం మొదటిది. చిన్న బృందంతో పనిచేయడం రెండోది. ఊరంతటినీ ఒక పనికి కూడగట్టడం మూడోది. తరగతితో పాటు ఫీల్డ్‌వర్క్ (ఊళ్లో తిరిగి నేర్చుకునే పని) ఉంటుంది. వెళ్లొచ్చిన ప్రతిసారీ విద్యార్థి చూసింది, విన్నది రాయాలి. మాస్టారు ఆ నోట్సు చదివి అడుగుతారు: ‘ఈ మాట ఆమె అన్నదా, నువ్వు అనుకున్నదా?’ చదువులో సగం ఆ ప్రశ్నలోనే ఉంది.

మరి ఇందులో క్రైస్తవ దృక్పథం ఎక్కడ? ప్రతి మనిషిలోనూ దేవుడి పోలిక ఉందని, సేవకు ప్రతిఫలం కోరకూడదని ఆ విశ్వాసం చెబుతుంది. విచిత్రమేమంటే, మతంతో సంబంధం లేని తరగతిలోనూ ఈ మాటలు వేరే రూపంలో ఎప్పటినుంచో ఉన్నాయి. మన దేశంలో ఈ చదువుకు తొలి బడి 1936లో బొంబాయిలో మొదలైంది. టాటా ట్రస్టు డబ్బుతో నడిచిన ఆ బడికి మొదటి డైరెక్టరు క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే అమెరికన్ మిషనరీ. నేటి టాటా సామాజిక శాస్త్రాల సంస్థ అదే. సహాయం కోరి వచ్చిన మనిషిపై తీర్పు చెప్పొద్దు, నిర్ణయం అతన్నే చేసుకోనివ్వు, రహస్యం కాపాడు అనే సూత్రాలు సోషల్ వర్క్ విద్యార్థులు తప్పక చదివేవి. వాటిని ఏడుగా కూర్చి 1957లో పుస్తకం రాసిన ఫెలిక్స్ బీస్టెక్ జెస్యూట్ (కేథలిక్ గురువుల ఒక సంఘం) ఫాదరే. ఆ సూత్రాల్లో మతం మార్చమన్న మాట లేదు సరికదా, అవతలివాడి మీద మన ఇష్టం రుద్దకుండా ఆపే కళ్లెం ఉంది.

కళ్లెం ఎందుకంటే, ఆకలితో ఉన్నవాడు అన్నం పెట్టే చేతికి ‘వద్దు’ అని చెప్పలేడు. ‘సరే’ అన్నా అది ఇష్టంతోనో, అవసరంతోనో తెలియదు. ఇది మన నేల మీదే తేలిన విషయం. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని వేల మందికి కూలి పని చూపించాడు. కరువు పని నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని. తర్వాత 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ సంఖ్యనే అందరూ గుర్తుపెట్టుకున్నారు. నా లెక్కలో ఆపడమే పెద్ద పని.

అనంతపురం మిట్టనేలలో ఈ చిక్కు ఏటా ఉంటుంది. పడమటి కనుమలు నైరుతి మబ్బుల్ని అడ్డుకుంటాయి. ఈశాన్య రుతుపవనం తూర్పు తీరం నుంచి ఇంతదూరం వచ్చేసరికి నీరసిస్తుంది. సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ ఎర్రనేలలో వేసిన శెనక్కాయకు అదనులో పడితేనే పనికొస్తుంది. పడకపోతే విత్తనానికి తెచ్చిన అప్పు నిలుస్తుంది, బోరు ఎండుతుంది, వయసులో ఉన్నవాళ్లు బెంగుళూరు బస్సెక్కుతారు. ఇంట్లో ముసలివాళ్లు, పిల్లలు మిగులుతారు. అప్పుడు పుస్తకం, పెన్ను పట్టుకుని వాకిట్లోకి వచ్చిన కాలేజీ పిల్ల వాళ్ల కంటికి చిన్నపిల్ల కాదు. సర్కారు మనిషో, మిషను మనిషో.

మరి అలా వచ్చినవాళ్లు చేయగల మేలేమిటి? జాతీయ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది ఈ సీమలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. పని అడిగిన అర్జీకి తేదీ వేసిన రసీదు ఇవ్వాలని, 15 రోజుల్లో పని చూపకపోతే భృతి ఇవ్వాలని ఆ పథకపు చట్టం పెట్టిన నియమం. సోషల్ వర్కరు చేయగల మేలు అలాంటి రసీదు ఇప్పించడమే. రసీదు చేతిలో ఉన్న మనిషి ఎవరికీ దణ్ణం పెట్టక్కర్లేదు.

ఇక్కడ క్రైస్తవ సేవ అనగానే గుర్తొచ్చేది ఫాదర్ ఫెర్రర్. స్పెయిన్‌లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1952లో జెస్యూట్‌గా మన దేశానికొచ్చాడు. మహారాష్ట్రలో మన్మాడ్ రైతులతో పనిచేశాడు. 1968లో దేశం విడిచి పోవాల్సి వచ్చింది. 1969లో తిరిగొచ్చి అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) అనే సంస్థను ప్రారంభించాడు. మరుసటేడు జెస్యూట్ సంఘాన్ని వదిలేశాడు. 2009లో ఇక్కడే కన్నుమూశాడు. గురుత్వం వదిలిన నలభై ఏళ్లకూ జనం నోట ‘ఫాదర్’ అనే మాట పోలేదు. ఆ సంస్థ నడిపే బత్తలపల్లి ఆసుపత్రిలో చీటీ రాయించుకునేవాళ్లు ఆయన ఏ సంఘంలో ఉండేవాడని అడగరు.

ఊళ్లోకి వెళ్లేటప్పుడు కావాల్సిన ఈ జాగ్రత్త ఇప్పుడు బీఎస్‌డబ్ల్యూ పిల్లలకే పరిమితం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో కొత్త పాఠ్యప్రణాళిక వచ్చాక మామూలు డిగ్రీ విద్యార్థులు కూడా కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పేరుతో ఇంటింటి సర్వేకు వెళ్తున్నారు. ఒక ఇల్లు ఊహించండి. వితంతు పింఛను ఆగిపోయిన అవ్వ. గోడకు చిన్న శిలువ. ‘మీరూ ప్రార్థనకు పోతారామ్మా? మేమూ పోతాం’ అంటుంది. సర్వేకు వెళ్లిన మన అమ్మాయికి సంతోషం. తన మతం మనిషి కదా. నోట్సులో ‘కులం: మాల, మతం: క్రైస్తవం’ అని నిజాయితీగా రాస్తుంది.

ఆ ఒక్క గడితో ఏం జరుగుతుందంటే: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట ప్రధానంగా హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు లేదు. మతం మారిన ఎస్సీలు ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సీ కిందికి వస్తారు. అలా మారినవారికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ లేదని 2025లో రాష్ట్ర హైకోర్టు ఒక కేసులో తేల్చింది. అంటే ఆ కాగితం ఎవరి చేతిలోనైనా పడితే మనవడి సర్టిఫికెట్టు, స్కాలర్‌షిప్పు ప్రశ్నలో పడతాయి. అవ్వ ఆ మాట చెప్పింది ఆడపిల్ల మీద ఆప్యాయతతో, అర్జీ కోసం కాదు.

‘అది నిజం దాచడం కాదా?’ అని అడగొచ్చు. అమ్మాయి వెళ్లింది పింఛను ఎందుకు ఆగిందో తెలుసుకోవడానికి. అందుకు ఆధార్ కావాలి, భర్త మరణ ధ్రువపత్రం కావాలి. మతం అక్కర్లేదు. అక్కర్లేనిది అడగకూడదు, చెవిన పడినా రాయకూడదు. ఎవరిది ఏ కులమో నిర్ణయించడం రెవెన్యూవారి పని.

చర్చి కాలేజీలకూ, మిగతా కాలేజీలకూ ఒక విన్నపం. పిల్లల్ని ఊళ్లోకి పంపే ముందు ఆ 1950 ఉత్తర్వు మీద ఒక గంట పాఠం చెప్పండి. సర్వే కాగితంలో మతం గడి ఉంటే, ముందు దాన్ని మీరే కొట్టేయండి.