ఒక్క ఓటు ఖరీదెంత?

“నా ఒక్క ఓటుతో ఒరిగేదేముంది?” అని అడిగారు ఒక పాఠకుడు. రాజనీతిశాస్త్రాన్ని అరవై ఏళ్లకు పైగా తిప్పలు పెడుతున్న ప్రశ్న ఇది.

1957లో అమెరికన్ ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ ఓటరును లాభనష్టాలు చూసుకునే మనిషిగా ఊహించాడు. మన ఓటే ఫలితాన్ని తేల్చే అవకాశం దాదాపు సున్నా. క్యూలో నిలబడే శ్రమ సున్నా కాదు. ఆ లెక్కన ఎవరూ ఓటెయ్యకూడదు. కోట్లమంది వేస్తున్నారు! 1968లో రాజనీతిశాస్త్రవేత్తలు రైకర్, ఆర్డెషుక్ పౌరధర్మం నెరవేర్చిన తృప్తిని కూడా లాభంలో కలిపి అతుకు వేశారు. 1994లో అదే రంగానికి చెందిన గ్రీన్, షపీరో ఇలాంటి అతుకులనే ఉతికి ఆరేశారు.

అసలు మజా ఆ ‘అవకాశం’ లెక్కలో ఉంది. లక్షమంది ఓటర్లు, ఇద్దరు అభ్యర్థులు అనుకోండి. అందరూ బొమ్మా బొరుసూ వేసి ఓటేస్తే, ఓట్లు సరిసమానంగా చీలే అవకాశం 400లో 1. నాణెం ఒకవైపు 51 శాతం మొగ్గిందా, అది వంద కోట్లలో ఒకటికన్నా తక్కువకు పడిపోతుంది! ఇది చూసే చాలామంది ఓటు దండగన్నారు. కానీ మొగ్గు ఎంతో ముందే ఎవరికి తెలుసు? ఒకరికి 40 వేల నుంచి 60 వేల దాకా ఎన్నయినా రావచ్చనుకుంటే, సరిగ్గా 50 వేలు రావడానికి 20 వేలలో 1 అవకాశం ఉంది. ఓటర్లు రెట్టింపైతే అది సగమవుతుంది, మాయమవదు. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారా అసెంబ్లీ స్థానంలో సి.పి.జోషి ఒక్క ఓటుతోనే ఓడారు. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో కొణతాల రామకృష్ణ 9 ఓట్లతో గెలిచారు గానీ, అక్కడ ఏ ఒక్కరు ఇంట్లో కూర్చున్నా ఫలితం మారేది కాదు.

2007లో పరిశోధకులు ఎడ్లిన్, గెల్మన్, కప్లాన్ ఇక్కడే చమత్కారం పట్టుకున్నారు. ఓటర్లు పెరిగేకొద్దీ అవకాశం తగ్గుతుంది, కానీ ఫలితం ఎంతమందిని తాకుతుందో ఆ సంఖ్య అదే లెక్కన పెరుగుతుంది. పదిమంది మేలు కాస్తయినా పట్టించుకునేవాడికి ఈ రెండూ చెల్లుకు చెల్లు! డౌన్స్ లెక్కలో తప్పు లేదు, ఓటరు తన జేబే చూసుకుంటాడనుకోవడంలో ఉంది.

ఇదీ అతుకేనంటారా? తృప్తి ఒక్కటే కారణమైతే పోటీ ఎలా ఉన్నా పోలింగ్ మారకూడదు. ఈ లెక్క ప్రకారం హోరాహోరీగా ఉన్నచోట పెరగాలి, పెద్ద ఎన్నికల్లో పడిపోకూడదు. అమెరికాలో స్థానిక ఎన్నికలకన్నా అధ్యక్ష ఎన్నికలకే జనం ఎక్కువ కదులుతారు. తెలంగాణలో మాత్రం 2019లో పంచాయతీ పోలింగ్ లోక్‌సభ పోలింగును దాటేసింది. ఊళ్లో ఎవరు ఓటెయ్యలేదో ఊరందరికీ తెలుస్తుంది కదా, ఆ మొహమాటాన్ని ఏ సూత్రంలో ఇరికిస్తారో చూడాలి.

ఇక ఉపయోగమంటారా, ఎన్నికలొస్తే ‘ఓటు మీ హక్కు, మీ బాధ్యత’ అని ప్రతి గోడ మీదా తృప్తినే అమ్ముతారు. ఎన్నిక ఫలితం ఎంతమంది బతుకుల్ని తాకుతుందో ఒక్క బోర్డు మీదా రాయరు!